పాత బట్టలు - మొండి మరకలు

బట్ట పాతబడుట వేరు, పాడగుట వేరు. పాతబడిన బట్ట మరి నాలుగేండ్లు పనికివచ్చును. పెద్దవానికి పొట్టియైన చొక్కా చిన్నవానికి సరిపోవును. చిరిగిన చీర బొంత యగును, పసిబిడ్డకు పక్కగుడ్డ యగును. పాడైన బట్ట మాత్రము మసిగుడ్డకు తప్ప దేనికిని పనికిరాదు. ఈ రెండింటికిని నడుమ పెక్కుసారులు నిలుచునది ఒక్క మరకయే. నేత గట్టిగానే యుండును, అంచు చెక్కుచెదరకుండును. అయినను రొమ్ముమీద అరచేయంత డాగు ఉన్న చొక్కాను తొడుగుకొని పదిమందిలోనికి పోవుటకు ఎవరికిని మనసొప్పదు. బడికి పోవు పిల్లకు అసలే ఒప్పదు.

బట్టల మరకలకును పంచాయతీకిని సంబంధమేమని సభ్యులలో కొందరు అడుగవచ్చును. బట్ట ఉతుకు నీరు పంచాయతీ ఇచ్చునది. ఉతుకు రేవు పంచాయతీ బాగోగులు చూడవలసినది. మరకలు పోవునని చెప్పి కొందరు అడిగి తీసికొనిపోవు బ్లీచింగ్ పౌడరు పంచాయతీ గదిలోనిది. ఇవి గాక, మరకలమీద పుట్టు తగవులు కూడ తుదకు పెద్దల ముందరికే వచ్చును.

అట్టి తగవు నొకదానిని ఊహింతము. పండుగకు ముందు ఒక రైతు నాలుగు తెల్ల పంచెలను ఉతుకుటకు వేసెను. అవి తిరిగి వచ్చినప్పుడు వానినిండ పసుపుపచ్చని, గోధుమవన్నె చుక్కలు కన్పించెను. రైతు కూలి ఇయ్యననెను. పైగా పంచెల వెల కట్టుమనెను. రజకుడు తాను ఎప్పటివలెనే ఉతికితిననియు, పండుగ బట్టలు గదా యని చేతి డబ్బు పెట్టి బ్లీచింగ్ పౌడరు కూడ వేసితిననియు చెప్పెను. ఇద్దరును అబద్ధమాడుట లేదు. తప్పెవరిది? ఈ పాఠము చదివిన పిదప సభ్యులు తామే తీర్పు చెప్పగలరు.

మరక మొండిదగుట ఎట్లు?

ఏ మరకయు పుట్టుకతో మొండిది కాదు. పడిన గడియలోనే చన్నీట జాడించినచో మరకలలో పెక్కు పోవును. తడి పదార్థము మొదట నూలుపోగును అంటిపెట్టుకొని యుండునే గాని పోగుతో కలిసిపోదు. దానిని పోగుతో కలిపివేయునవి వేడి, గాలి, తగని మందు. రక్తము, పాలు, గ్రుడ్డు సొన వంటి వానిలో మాంసకృత్తులు ఉండును. వేడినీరు తగిలినంతనే అవి, గ్రుడ్డు ఉడికి గట్టిపడినట్లు, పోగులోననే గట్టిపడును. అరటికర, తేనీరు, మామిడి సొన గాలి తగిలినకొలది నలుపెక్కును. మరక పూర్తిగా పోకుండగనే ఇస్త్రీ చేసి పెట్టెలో దాచిన బట్టను ఆరుమాసముల తరువాత తీసి చూచినచో, నాడు లేతగా నున్న జాడ నేడు స్పష్టముగా కన్పించుటకు కారణమిదియే. ఇస్త్రీపెట్టె వేడి ఆ మరకకు కాపలా కాచినది.

కావున పాత మరకను చూచిన వెంటనే సబ్బు చేతబట్టరాదు. అది దేని మరక, బట్ట దేనితో నేసినది, ఇదివరకు దానిమీద ఏమేమి వేసి చూచిరి అని మొదట అడుగవలెను. ఈ కడపటి ప్రశ్న ఎవరును అడుగరు. ఒకరు నిమ్మరసము పిండి కడుగక ఆరవేసిన చోట మరియొకరు బ్లీచింగ్ పౌడరు చల్లుదురు. అందువలన కలుగు ప్రమాదమును ముందు చెప్పెదము.

బట్ట దేనిదో తెలియనిచో లోపలి కుట్టునుండి ఒక పోగు లాగి, జాగ్రత్తగా నిప్పు అంటించి చూడవచ్చును. నూలుపోగు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పట్టు, ఉన్ని కాలినప్పుడు వెండ్రుకలు కాలిన వాసన వచ్చును. పాలియెస్టరు కరగి, చల్లారిన తరువాత గట్టి పూసవలె మిగులును. నేటి బడిపిల్లల దుస్తులలో నూలును పాలియెస్టరును కలిసినవి పెక్కు గలవు. వాని పోగు కొంత కాలి, కొంత పూసకట్టును. ఈ చిన్న పరీక్ష ఎందుకనగా, పట్టును ఉన్నియు జంతువులనుండి వచ్చిన మాంసకృత్తులే. బ్లీచింగ్ పౌడరు వానిని కరగించివేయును, బట్టల సోడా చెరచును. మన ఇండ్లలో పట్టుచీరను కుంకుడుకాయ పులుసుతో ఉతుకుట వట్టి ఆచారము కాదు. కుంకుడులోని నురుగు పదార్థము సోడావలె పోగును కొరుకదు.

ఏ మందునైనను మొదట బట్ట లోపలి మడతమీద ఒక చుక్క వేసి పావుగంట ఆగి చూడవలెను. రంగు చెదరనిచో అప్పుడు మరకమీద వేయవలెను. మరక ఉన్న ముఖమును క్రిందికి త్రిప్పి, అడుగున తెల్ల గుడ్డ పరచి, వెనుకనుండి అద్దుచు అంచునుండి నడిమికి పోవలెను. నడుమ వేసి రుద్దినచో మరక వలయముగా వెడల్పగును. మరియు ఒకేనాడు అన్ని మందులు వేయరాదు. పాత బట్టకు ఓపిక తక్కువ. ఉతుకువారికి ఎక్కువ ఉండవలెను.

పసుపు మరక

మన ఇండ్లలో పసుపు మరకంత తరచైనది లేదు. దాని గుణమును మనవారందరును ఎరుగుదురు గాని, మరక వచ్చినప్పుడు మరచిపోవుదురు. పసుపునకు సున్నము కలిపిన ఎర్రని పారాణి యగును గదా! సబ్బునకును సోడాకును సున్నమువలెనే క్షారగుణము కలదు. అందుచేత కూర మరకమీద సబ్బు రుద్దగానే అది నెత్తురువలె ఎరుపెక్కును. ఇల్లాలు బెదరిపోయి మరింత గట్టిగా రుద్దును, బట్ట చిరుగును. బెదరవలసిన పనిలేదు. చక్కగా జాడించి రెండు చుక్కల నిమ్మరసము వేసినచో ఎరుపు మరల పసుపగును. మరక పెరుగలేదు, రంగు మారినదంతే.

పసుపునకు నిజమైన శత్రువు సూర్యుడు. పసుపులోని రంగు ఎండకు నిలువజాలదు. కూర మరకలో నూనె యుండును గనుక మొదట సబ్బుతో ఆ జిడ్డును తీసివేసి, బాగుగా జాడించి, తడి యారకముందే మరక ఉన్న వైపు ఎండకు పెట్టి ఆరవేయవలెను. ఒకనాటితో పోనిది రెండు మూడు నాళ్ళలో పలుచనగును. ప్రతిదినము మరల తడిపి ఆరవేయవలెను. ఇందుకు కాసు ఖర్చు లేదు. రంగు బట్టలయెడల మాత్రము జాగ్రత్త వలయును. ఎండ పసుపుతోబాటు బట్ట రంగును కూడ తీసికొనిపోవును. క్రొత్త బట్ట కట్టుకొనునపుడు కొసకు మనమే పసుపు బొట్టు పెట్టుకొందుము. ఆ మరకను తీయవలెనని నేటివరకు ఎవరును అడిగినట్లు లేదు.

అరటికర, టీ, తాంబూలము

అరటిచెట్టు కొట్టినవాని చొక్కాను చూచినచో అతని వృత్తి తెలియును. అరటికర, మామిడి సొన, పచ్చి జీడిపండు రసము, తేనీరు, వక్క, కాచు - వీనియందెల్ల వగరు పదార్థము గలదు. తోళ్ళు పదును చేయుటకు తంగేడు చెక్కలో మనవారు వెదకినది ఈ వగరునే. ఇది గాలికి నల్లబడుట ఒక యెత్తు, ఇనుము తగిలినప్పుడు నల్లబడుట మరియొక యెత్తు. అరటికాయ తరిగిన ఇనుప కత్తిపీటను, తరిగినవారి వ్రేళ్ళను చూచిన ఈ సంగతి తెలియును.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఈ గుణముమీదనే బ్రతుకుచున్నారు. వారు బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో నానవేసి ఆరబెట్టుదురు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో వేసి పులియబెట్టుదురు. ఆ ద్రవములో ముంచిన కలము బట్టపై సాగినంతనే నల్లని గీత పుట్టును. అది ఉతికినను పోదు. కరక్కాయ వగరును, ఇనుమును కలిసి చేసిన నలుపది. ఇంటిలో అరటికర అంటిన బట్టను ఇనుము కలిసిన బోరు నీటిలో ఉతికినప్పుడు జరుగునది కూడ ఆ కలంకారీ పనియే. వారు కోరి వేయుదురు, మనము కోరకయే వేయించుకొందుము.

కావున నల్లబడిన పాత అరటికర మీద రెండు పనులు వరుసగా చేయవలెను. తెల్లని నూలుబట్ట యైనచో మొదట ఉప్పు, నిమ్మరసము పట్టించి గంటసేపు తడిగా ఉంచవలెను. ఇది ఇనుమును విడదీయును. పిదప మంచినీట పలుమారులు జాడించి, మందుల దుకాణములో దొరకు హైడ్రోజన్ పెరాక్సైడుకు సమముగా నీరు కలిపి మరకమీద అద్దవలెను. ఇది మిగిలిన వగరు రంగును హరించును. ఈ వరుస తప్పరాదు. ఇనుము ఉన్నచోట పెరాక్సైడు పడినచో నూలుపోగునే తిని, మరక ఉన్నంతమేర చిల్లులు పొడుచును. గోరువెచ్చని నీటిలో ఆక్సిజను విడుచు చలువపొడి వేసి రాత్రియెల్ల నానవేయుట మరింత సుళువైన పద్ధతి. టీ, కాఫీ, తాంబూలపు మరకలకును ఇదియే చికిత్స. రంగు బట్టపై ఏండ్లు నిలిచిన తాంబూలపు మరక మాత్రము పూర్తిగా పోవునని ఆశపెట్టుకొనరాదు.

కందెన, నూనె, సిరా

బండి కందెన, ట్రాక్టరు గ్రీజు, తారు అంటినచోట నీరు పోయుట వృథా. జిడ్డును జిడ్డే వదలించును. మొదట వేరుసెనగ నూనెనో కొబ్బరినూనెనో పట్టించి మెత్తబడిన తరువాత గుడ్డతో తుడిచివేసి, మిగిలిన నూనెను సబ్బుతో పోగొట్టవలెను. పెట్రోలుతో తుడుచుట పెక్కు ఊళ్ళలో అలవాటు. పొయ్యి దగ్గర ఆ పని చేసినవారి కథలు ఊరూరను గలవు, అది మానవలెను. తాజా నూనె మరకమీద సుద్దపొడి గాని బియ్యపుపిండి గాని చల్లి గంటసేపు ఉంచినచో చాలభాగము పీల్చుకొనును. పాలియెస్టరు బట్ట నూనెను నూలుకంటె గట్టిగా పట్టుకొనును గనుక రెండు మూడు ఉతుకులు అవసరమగును.

బాల్‌పెన్ను సిరాకు స్పిరిట్ పనిచేయును. నీలినలుపు పాతసిరాలో ఇనుము ఉండును గనుక నిమ్మరసము, ఉప్పు పనిచేయును. వరద బురద సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లలోనికి వచ్చినప్పుడు బీరువాలలోని బట్టలు సైతము బురదలో నానినవి. అట్టి బట్టలను కుప్పవేసి ఉంచినచో బూజు పుట్టును. బురద పూర్తిగా విడుచువరకు చన్నీట పలుమార్లు జాడించి, తరువాతనే సబ్బు పెట్టవలెను. ఎర్రమట్టి రంగు ఇనుము వలన కలిగినది. దానికి బ్లీచింగ్ పౌడరు వేయుట డబ్బు పారవేయుటయే.

ఎన్నటికిని పోని మరకలు

కొన్ని మరకలను మనుష్యులు పోరాదనియే కనిపెట్టిరి. పూర్వము రజకులు ఎవరి బట్టలు ఎవరివో గుర్తించుటకు నల్లజీడి గింజను పొడిచి, ఆ రసముతో అంచున గుర్తు పెట్టి, పైన సున్నము అద్దెడివారు. బట్ట చినిగిపోవుదాక ఆ గుర్తు నిలిచెడిది. ఆ రసము ఒంటికి తగిలిన బొబ్బలెక్కును. గుర్తు పెట్టిన బట్ట కట్టినవారికి సైతము ఆ చోట దురద, పుండ్లు లేచిన సందర్భములు వైద్యశాస్త్రమున నమోదైనవి. రెండవది మన సభ్యులందరికి పరిచయమైనదే: ఓటరు వ్రేలి మీది సిరా. మైసూరు పెయింట్స్ సంస్థ తయారుచేయు ఆ సిరా 1962 సాధారణ ఎన్నికలనుండి వాడుకలో నున్నది. దానిలోని సిల్వర్ నైట్రేటు వెలుతురు తగిలిన నల్లబడును. అది చొక్కాపై పడినచో ఇంటి మందులకు లొంగదు. ఆ చోట జేబు కుట్టించుకొనుట మేలు.

తగవునకు తీర్పు

ఇక పంచెల తగవునకు వత్తము. ఇనుము కలిసిన బోరు నీరు పైకి వచ్చినప్పుడు తేటగానే కన్పించును. ఇనుము అందులో కరగి యుండును. గాలి తగిలిన కొంతసేపటికి అది తుప్పుగా మారి, నీరు పసుపెక్కి, అడుగున గోధుమవన్నె మడ్డి దిగును. ఒక తేట సీసాలో నీరు పట్టి మూతలేక రాత్రియంతయు ఉంచి ఉదయము చూచిన ఎవరికైనను తెలియును. లీటరు నీటిలో 0.3 మిల్లీగ్రాము మించి ఇనుము ఉన్నచో ఉతికిన బట్టలకు మరకలు పట్టునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా నోటికి రుచి తెలియకముందే పంచెకు తెలియవచ్చును.

ఈ నీటిలో బ్లీచింగ్ పౌడరు వేసినచో మెల్లగా జరుగవలసిన మార్పు క్షణములో జరుగును. కరగియున్న ఇనుమంతయు తుప్పుగా మారి బట్టమీద కూర్చుండును. తెల్లదనము కొరకు వేసిన మందే పసుపు చుక్కలు తెచ్చినది. రజకుడు ఎంత శ్రద్ధగా వేసెనో అంత చెడినది. కావున రైతు కూలి ఇయ్యవలసినదే. అతని పంచెలు పాడైన మాటయు నిజమే గాని, అది రజకుని చేతివలన కాదు, పంచాయతీ గొట్టమునుండి వచ్చిన నీటి వలన. చుక్కలను పోగొట్టుటకు ఉప్పు, నిమ్మరసము పట్టించి ఎండలో తడిగా ఉంచి, ఇనుము లేని నీటిలో చక్కగా జాడింపవలెను. పులుపు మిగిలిపోయిన బట్టకు ఇస్త్రీ చేసినచో నూలు బలము తగ్గును. తుప్పు తీయుటకు కొందరు వాడు ఆక్జాలిక్ యాసిడ్ విషము. అది పేరు వ్రాయని సీసాలో ఇంటిలో ఎన్నడును ఉండరాదు.

నీటిని బాగుచేయుట పంచాయతీ పని. నీటిని తొట్టిలోనికి మెట్లు మెట్లుగా జారవిడిచిన గాలి తగిలి ఇనుము తుప్పుగా విడును. తొట్టిలో తేరి, ఇసుక పొరగుండ దిగిన నీటిలో అది తగ్గిపోవును. రేవునకు వేయు గొట్టమునకైనను ఈ ఏర్పాటు చేయవచ్చును. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు మహిళలకు నీటి పరీక్షా పెట్టెలతో శిక్షణ నిచ్చు పద్ధతి ఏర్పడినది. ఆ పెట్టెలు మన గ్రామములో బీరువాలో ఉన్నవా, బోరు దగ్గర ఉన్నవా యని వచ్చు సమావేశములో అడుగుట మంచిది. ఇనుముతోబాటు నీటి కాఠిన్యమును కూడ చూడవలెను. కఠిన జలములో సబ్బు నురుగు రాక, విరిగి, జిగట మడ్డియై పోగులకంటుకొనును. తెల్లబట్టలు ఏడాది తిరుగకుండగనే బూడిదవన్నెకు దిగుటకు అదియు కారణమే. అట్టి నీటిలో ముందు కొంచెము బట్టల సోడా కలిపి, తరువాత సబ్బు వాడినచో సబ్బు ఆదాయగును, బట్ట తెలుపు నిలుచును.

బ్లీచింగ్ పౌడరు ఎవరిది?

పంచాయతీ గదిలోని బ్లీచింగ్ పౌడరు బావులలోను, నీటి తొట్లలోను క్రిములను చంపుటకు వచ్చినది. మంచి పొడి 2.5 గ్రాములు 1000 లీటర్ల నీటికి చాలును. ఒక బక్కెట్టు బట్టలకు పట్టు పొడి 10 గ్రాములు. అనగా ఒక ఇంటివారు ఒక బక్కెట్టు బట్టలకు తీసికొనిపోవునది 4,000 లీటర్ల త్రాగునీటిని శుద్ధిచేయగల పొడి. ఎండకాలములో పదిమంది ఇట్లు తీసికొనిపోయినచో, తొలకరిలో వాంతులు, విరేచనములు తలయెత్తినప్పుడు సంచి అడుగున మిగులునది సున్నమే. మూత తెరచి తేమలో ఉంచిన పొడి గతియు ఇంతే. దాని శక్తి గాలిలోనికి పోవును. సభ్యులు మొగమాటము విడిచి, పొడి ఎంత వచ్చినది, ఎంత ఏ బావికి పోయినది లెక్క వ్రాయింపవలెను. బట్టలకు కావలసినవారు దుకాణములో కొనుక్కొందురు.

కొనుక్కొన్నవారికి చెప్పవలసిన మాటలు గలవు. ఇది తెల్లని నూలుబట్టకు మాత్రమే. 10 లీటర్ల నీటికి రెండు చిన్న చెంచాల పొడి కలిపి, తేరిన తరువాత పైతేటను మాత్రము వంచుకొనవలెను. కరగని రేణువు పడినచోట బట్టకు చిల్లి పడును. పదునైదు నిమిషములకు మించి ఉంచరాదు. పాత బట్ట ఇదివరకే నీరసించి యుండును. మందు ఎక్కువైనచో మరకతోబాటు బట్టయు పోవును. అన్నిటికంటె ముఖ్యము: బ్లీచింగ్ పౌడరునకు నిమ్మరసము గాని, వినెగరు గాని, మరుగుదొడ్డి కడుగు యాసిడ్ గాని కలియరాదు. పులుపు తగిలిన దానినుండి క్లోరిన్ వాయువు లేచును. 1915లో మొదటి ప్రపంచ యుద్ధమున సైనికులను చంపుటకు వదలినది ఆ వాయువే. తలుపులు మూసిన స్నానపు గదిలో మరక తీయబోయిన యిల్లాలికి అది చాలును. మరకకు నిమ్మరసము వేసిన నాడు బ్లీచింగ్ పౌడరు వేయరాదనుట ఇందువలననే.

రేవు, ఆరుబయలు

రజక సోదరుల పాత పద్ధతిని నేడు కొందరు చులకనగా చూతురు. మురికిబట్టలను చౌడు కలిపిన నీట నానవేసి, పిండి, బాన చుట్టు పేర్చి, క్రింద మంట పెట్టి రాత్రియంతయు ఉబ్బ వేసెడివారు. చౌడులో నుండు క్షారమే నేడు మనము కొనుచున్న బట్టల సోడా. ఆవిరి పోగులలోనికి దూరి జిడ్డును సడలించెడిది. తెల్లవారి రేవులో బండమీద దెబ్బ, పారునీటి జాడింపు, పచ్చికమీద ఎండ. ప్రతి మెట్టునకును కారణము గలదు. రక్తము, పాలు అంటిన బట్టను మాత్రము ఉబ్బకు పోవుటకు ముందే చన్నీట కడుగవలెను. సోడా నీరు, పొడుల నీరు చేపల చెరువులోనికిని, పశువులు త్రాగు కుంటలోనికిని పోకుండ రేవునకు వేరు కాలువ, ఇంకుడుగుంట ఉండవలెను. ఇది రజకుల మీద నెట్టదగిన భారము కాదు.

చివరిగా, సభలో ఎవరును లేచి చెప్పని ఒక మరక గలదు. నెలసరి రక్తపు మరక. దీనికి చికిత్స సులభము: తడి యారకముందే చన్నీటిలో గుప్పెడు ఉప్పు వేసి నానవేసి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయుటయే. తెల్లబట్టపై పాతజాడ మిగిలినచో పెరాక్సైడు అద్దవచ్చును. వేడినీరు మాత్రము ఎన్నడును వాడరాదు. కష్టమంతయు ఆరవేయు చోటనే ఉన్నది. గుడ్డలు వాడు ఆడపిల్లలు వానిని నలుగురి కంట పడనీయక మంచము క్రిందను, ఇతర బట్టల చాటునను, చీకటి గదిలోను ఆరవేయుదురు. అక్కడ అవి ఆరవు; తేమతో బూజుపట్టి దురదలకు, రోగములకు తావిచ్చును. మరక పోలేదేమో యను భయముతో ఆ నాలుగు దినములు బడి మానువారును గలరు. రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఈ మాటను పురుషులు ఎత్తుటకు సంకోచించినచో వారెత్తవచ్చును, ఎత్తినప్పుడు పురుషులు తల వంచుకొనక వినవచ్చును.

వలసినది పెద్ద కట్టడము కాదు. స్త్రీలు ఉతుకు చోటునకు ఆనుకొని, మనిషెత్తు మించిన గోడ, పైన కప్పులేని ఆవరణ, లోపల ఒక కుళాయి, గడియ గల తలుపు, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడునట్లు కట్టిన దండెములు. దండెములకు ఇనుప తీగ వాడరాదు. నైలాను త్రాడు గాని, జింకు పూత వేసిన తీగ గాని కట్టింపవలెను; లేనిచో ఉతికిన గుడ్డకు అక్కడనే తుప్పు మరక పట్టును.